బెల్లం కరిగిన దారిలో రక్తం

అమావాస్య నాడు తిరువళ్లూరు వీరరాఘవస్వామి కోనేటి మెట్ల మీద నిలబడితే ఒకే దృశ్యం పదే పదే కనిపిస్తుంది. చేతిలో బెల్లం ముక్క, నోట గోవింద నామం. భక్తుడు వంగి ముక్కను నీళ్లలో వదులుతాడు. అది కరిగినట్టే ఒంట్లో జబ్బు కరిగిపోవాలని మొక్కు. స్వామికి వైద్య వీరరాఘవుడని పేరు, కోనేటికి హృత్తాపనాశిని అని పేరు. తిరుత్తణి, పళ్లిపట్టు, నగరి, పుత్తూరు వైపు నుంచి తెలుగు కుటుంబాలు ఈ మొక్కు తీర్చుకోవడానికి వస్తుంటాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి అప్పటి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. సరిహద్దు గీత జరిగింది గాని ఈ రాకపోకలు ఆగలేదు.

ఇలాగే కరిగిపోయే తీపి వస్తువు సాయంతో ప్రయోగశాలలో అవయవాలు పెంచే పనిలో ఒక గట్టి చిక్కుముడి వీడడం మొదలైంది.

ఒంట్లో దాదాపు ప్రతి కణానికీ దగ్గర్లో ఓ సన్నని రక్తనాళం ఉండాలి. ఆ దూరం మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే అయిదో వంతు. అంతకు మించితే ప్రాణవాయువు అందక కణం చచ్చిపోతుంది. అందుకే పలుచని చర్మపు పొరను పెంచడం సాధ్యమైంది గాని పిడికెడు కాలేయం సాధ్యం కాలేదు. మందమైన కండలో నాళాలు ఎలా తవ్వాలి? 2012లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జోర్డాన్ మిల్లర్, క్రిస్టఫర్ చెన్ బృందం తవ్వడం మానేసి, కరిగించే దారి పట్టింది. పంచదార, గ్లూకోజు, డెక్స్‌ట్రాన్ కలిపి పాకం పట్టారు. ఆ పాకాన్ని త్రీడీ ప్రింటరు సూదిలోంచి సన్నని తీగలుగా లాగి జాలీ అల్లారు. కరిగిన చక్కెర చుట్టుపక్కల కణాలను దెబ్బతీయకుండా తీగలకు పలుచని పాలిమర్ పూత వేశారు. జాలీ చుట్టూ జీవకణాలు కలిపిన జెల్ పోశారు. పోషక ద్రవం తగలగానే జాలీ నిమిషాల్లో కరిగిపోయి, జెల్‌లో ఖాళీ గొట్టాలు మిగిలాయి. వాటి గోడలకు రక్తనాళాల లోపొర కణాలను పట్టించి రక్తం ఎక్కించారు. రక్తం పారింది.

జీవకణాలను అచ్చువేసే బయోప్రింటింగ్ అనగానే అందరి కళ్లూ యంత్రం మీదికే పోతాయి. అసలు కష్టమంతా సిరాలో ఉంది. జీవకణాలను కలిపి ప్రింటరులో పోసే ఆ పదార్థాన్ని బయోఇంకు అంటున్నారు. దాని తంటా ఏమిటో మురుకులు వత్తిన చేతులకు వెంటనే అర్థమవుతుంది. పిండి గట్టిగా ఉంటే గొట్టంలోంచి దిగదు. జారుగా ఉంటే దిగుతుంది, చుట్టు నిలవదు. ఇక్కడ పిండిలో ప్రాణమున్న కణాలు కూడా ఉన్నాయి. గట్టిగా వత్తితే సూది దగ్గరే నలిగి చస్తాయి.

సముద్రపు గోధుమరంగు నాచు నుంచి తీసే ఆల్జినేట్‌కు కాల్షియం తగిలితే చాలు, క్షణాల్లో గడ్డకడుతుంది. ప్రింటరుకు ఇది ఎంతో అనుకూలం. కానీ మనిషి కణాలు పట్టుకుని నిలవడానికి అందులో ఆసరా దొరకదు. జెలటిన్‌లో ఆ ఆసరా బాగానే ఉంటుంది, కాకపోతే ఒంటి వేడికి నీరైపోతుంది. కాబట్టి దానికి మెథాక్రిలేట్ జతచేసి, వెలుతురు పడగానే గట్టిపడేలా మారుస్తున్నారు. ఎంత గట్టిపడాలి అన్నది ఇంకో ప్రశ్న. మూలకణాలను మెదడంత మెత్తని జెల్ మీద పెంచితే నాడీకణాల పోలికలు, కాస్త బిగువైన దాని మీద కండరాల పోలికలు, ఇంకా గట్టిదాని మీద ఎముక పోలికలు వస్తాయని 2006లో ఆడమ్ ఎంగ్లర్, డెనిస్ డిషర్ బృందం చూపించింది. కణం తాను కూర్చున్న నేలను బట్టి మారుతుందన్నమాట. ఈ రంగంలో ఇంతకంటే ముఖ్యమైన పాఠం లేదు.

ఒంట్లో ఆ నేల చాలావరకు కొల్లాజెన్. చర్మం, ఎముక, కంటి పొర అన్నింటికీ అదే ఆధారం. దాని నిర్మాణం తేలింది తిరువళ్లూరుకు రైల్లో గంట దూరంలోని మద్రాసులోనే. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్.రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కొల్లాజెన్ అణువు మూడు పేటల తాడులా పెనవేసుకుని ఉంటుందని ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. వారు పరీక్షించిన నమూనాలు వచ్చింది అడయారులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ నుంచి. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ సంస్థను డైరెక్టరుగా నడిపినవాడు తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. తోలు అంటేనే కొల్లాజెన్. గాయాలకు కప్పే కొల్లాజెన్ పొరల మీద అదే సంస్థలో తర్వాత పరిశోధనలు సాగాయి. 2019లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆడమ్ ఫైన్‌బర్గ్ బృందం గుండె భాగాలను అచ్చువేసింది కూడా ఈ కొల్లాజెన్‌తోనే. అక్కడ కొల్లాజెన్ గట్టిపడేదాకా జెలటిన్ ముద్ద చుట్టూ ఉండి ఆకారాన్ని కాపాడింది, 37 డిగ్రీల వేడికి కరిగి తప్పుకుంది. మళ్లీ అదే బెల్లం యుక్తి.

తెలుగు నేల మీద ఈ కథ కంటి దగ్గర మొదలైంది. మద్రాసులో స్టూడియో కట్టి సినిమాలు తీసిన ఎల్.వి.ప్రసాద్ పేరిట హైదరాబాదులో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన నేత్ర వైద్య సంస్థ, 2001 నుంచే కణాలకు నేల వెతికింది. సున్నమో ఆసిడో పడి కన్ను కాలినవారికి, బాగున్న కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసుకున్నారు. ప్రసవంలో బయటికొచ్చే ఉమ్మనీటి సంచి పొర మీద ఆ కణాలను పెంచి తిరిగి కంటికి అతికించారు. పారేయాల్సిన పొర మీద పెరిగిన కణాలతో వందల మందికి వైద్యం జరిగింది.

2022 ఆగస్టులో అదే సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి త్రీడీ ప్రింటరుతో కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, తయారుచేసి కుందేలు కంటిలో అమర్చాయి. డాక్టర్ సయన్ బసు, డాక్టర్ వివేక్ సింగ్ దీనికి నాయకత్వం వహించారు. సిరా పని ఐఐటీలోని ఫల్గుణి పతిది. అవయవంలోని కణాలను కడిగేసి, మిగిలిన అల్లికనే సిరాగా వాడొచ్చని 2014లో కొరియాలో చేసిన పరిశోధనలో ఆయన ముందే చూపించారు. హైదరాబాదులో మనిషి కార్నియాను అలాగే కడిగి, కంటి మూలకణాలు కలిపారు. కృత్రిమ రసాయనం గాని జంతువుల అవశేషం గాని అందులో లేవు. రోగులపై ప్రయోగాల దాకా తీసుకెళ్లే పనికి విజయవాడలోని శ్రీ పద్మావతి వేంకటేశ్వర ఫౌండేషన్ సాయం చేస్తామంది. కార్నియాను ఎంచుకోవడంలో తెలివి ఉంది. దానికి రక్తనాళాలు ఉండవు, కాబట్టి గొట్టాల బెడద లేదు.

మూత్రపిండం, కాలేయం, గుండె అలా కావు. 2019లో టెల్ అవీవ్‌లో గుండె అచ్చువేశారన్న వార్త ప్రపంచమంతా మోగింది. అది కుందేలు గుండె పరిమాణంలోది. కణాలు ముడుచుకున్నాయి గాని రక్తాన్ని తోడలేదు. ఇలాంటి వార్తలు చూసి డయాలసిస్ మీదున్న తిరుత్తణి రైతు వచ్చే ఏడాదే కొత్త కిడ్నీ దొరుకుతుందని అనుకుంటే ఆ తప్పు వార్త రాసినవారిది. ఆ ఆశను సొమ్ము చేసుకునే మూలకణాల క్లినిక్కులు నగరాల్లో ఉన్నాయి. రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మరే మూలకణ చికిత్సనూ ప్రయోగం పరిధి దాటి అమ్మరాదని 2017 నాటి జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. అలాంటి చికిత్సకు డబ్బు కట్టమని అడిగిన చోట నుంచి లేచి రావడమే మంచిది.

ఇవాళ్టికి దారి అవయవ దానమే. ఈ ప్రాంతానికి అది కొత్త కాదు. దేశంలో తొలినాటి కిడ్నీ మార్పిడి పక్కనున్న వెల్లూరు సీఎంసీలో 1971లో జరిగింది. బ్రెయిన్ డెడ్ అయినవారి అవయవాలు సేకరించే కార్యక్రమాన్ని తమిళనాడు 2008 నుంచి నడుపుతోంది. అచ్చు కార్నియాకు సిరా కావాలన్నా మొదట ఎవరో ఒకరు కన్ను ఇవ్వాలి. కళ్లద్దాలు వాడినవారు, షుగరు ఉన్నవారు, శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నవారు కూడా ఇవ్వవచ్చు. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, తడి దూది పెట్టి, దగ్గర్లోని నేత్రనిధికి వెంటనే ఫోను చేయండి; ఆరు గంటల లోపల కళ్లు సేకరించాలి.