సభ ముగిశాక మిగిలేది

1737 మార్చి 17న, సెయింట్ పాట్రిక్ పండుగ నాడు, బోస్టన్‌లో కొందరు ఐరిష్ వలసదారులు ధర్మసంఘం పెట్టుకున్నారు. జబ్బుపడ్డ, ముసలితనంలో దిక్కులేని తోటివాళ్లను ఆదుకోవడం దాని పని. ఆ సంఘం ఇప్పటికీ ఉంది. 240 ఏళ్ల తర్వాత, 1977లో, న్యూయార్క్‌లో ఉత్తర అమెరికా తెలుగువాళ్ల సంఘం తానా తొలి మహాసభ జరిగింది. దాని తొలి అధ్యక్షులు కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టిన రేడియాలజిస్టు కాకర్ల సుబ్బారావు. తర్వాత ఆయన తిరిగొచ్చి హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిని తీర్చిదిద్దారు.

ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ అమెరికాలో పిల్లలున్న ఇళ్లు వీధికి కొన్నైనా ఉంటాయి. వాళ్లకు తానా పరాయిది కాదు. మహాసభల హంగుల గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. మాకు గొప్పగా తోచేది తానా సాయ బృందం ‘టీమ్ స్క్వేర్’ పని. చదువుకని వెళ్లిన కుర్రాడు రోడ్డు ప్రమాదంలో పోతాడు. ఇక్కడ తండ్రికి వీసా లేదు, ఎవరిని అడగాలో తెలియదు. అక్కడి పోలీసులతో, ఆసుపత్రితో మాట్లాడి, కాగితాలన్నీ చేయించి, బిడ్డను ఇంటికి చేర్చేదాకా నిలబడేది ముక్కూమొహం తెలియని తెలుగువాళ్లు. బోస్టన్‌లో ఆనాడు తలపెట్టిన పనికీ దీనికీ తేడా లేదు.

ఆ తానాయే నవలల పోటీలూ పెట్టింది. 1997లో చంద్రలత ‘రేగడి విత్తులు’కు బహుమతి వచ్చింది. కోస్తా నుంచి తెలంగాణకు తరలిపోయిన రైతుల నవల అది. సముద్రాలు దాటినవాళ్ల సొమ్ము, జిల్లాలు దాటినవాళ్ల బతుకును పుస్తకంగా నిలబెట్టింది. ఆ ఏటి సభలో ఎవరు పాడారో, ఎవరు ఆడారో ఇప్పుడెవరికి గుర్తు?

మరి మన కొల్లేరు సరస్సును విడిచిపోయినవాళ్ల కథ? 1999లో కొల్లేరు అభయారణ్యమైంది. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. పని వెతుక్కుంటూ సరస్సులోని లంక గ్రామాలు విడిచినవాళ్ల కథ అక్షరాల్లోకి వచ్చింది తక్కువ. అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ నవల రాశారు. అంత పెద్ద సరస్సుకు అదొక్కటే చాలదు. చేపలకు మావులు పెట్టినవాళ్లు, తాటిదోనెలో పుట్టిపెరిగినవాళ్లు వృద్ధులయ్యారు. వాళ్ల మాట వాళ్ల నోటే వినాలి, ఇప్పుడే వినాలి.

సంక్రాంతికి ఊళ్లకొచ్చే ప్రవాసులు వైద్యశిబిరాలు పెడుతున్నారు, రైతులకు పరికరాలిస్తున్నారు. ఆ పనులు ఆగకూడదు. వాటి పక్కనే కొల్లేటి కథలు సేకరించే పనికీ చోటివ్వమని అడుగుతున్నాం. కైకలూరు, ఆకివీడు చుట్టుపక్కల లంకల్లో తిరిగి, విని, రాసే యువకులకు ఏడాదిపాటు జీతమిచ్చేవాళ్లు కావాలి. వాళ్లు రాసింది అచ్చువేసే భారం ఈ పత్రికది.