ఆకు పొడి వేయాల్సింది మన బిందెలో కాదు

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఈ వారం ఒక సందేశం తెగ తిరిగింది. మునగ గింజలు దంచి బోరు నీళ్లలో కలిపి, గంటాగి వడకడితే సీసం, క్రోమియం అన్నీ పోతాయని దాని సారాంశం. కింద వరసగా దండాలు, మెచ్చుకోళ్లు. హైదరాబాద్‌లో ఉప్పల్, నాచారం, మల్లాపూర్ ఫ్యాక్టరీ షెడ్ల పక్కన ఇళ్లు కట్టుకుని బోరు మీద ఆధారపడ్డ వాళ్లకి ఇలాంటి ధైర్యం చెప్పడం ప్రమాదం. నాకు చాలా కోపం వచ్చింది.

మునగ గింజ బురద నీటిని తేరుస్తుంది, అందులో అబద్ధం లేదు. చిల్లగింజను కుండ లోపల అరగదీసి మన పల్లెల్లో చేసిన పనీ అదే. కానీ సీసం కరిగిన నీళ్లు మొదట్నుంచీ తేటగానే ఉంటాయి. రంగు మారదు, వాసన రాదు. మరగబెట్టినా సీసం ఎక్కడికీ పోదు.

అలాగని నీటిలోని లోహాలను పట్టే ఆకుల పొడి మీద జరిగిన పరిశోధనను నేను తక్కువ చేయను. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు టేకాకు పొడితో రాగినీ, వేపాకు పొడితో క్రోమియాన్నీ నీటి నుంచి తీయవచ్చని 2006, 2007 ప్రాంతంలోనే ప్రచురించారు. ఇతర పరిశోధకులు వరి ఊక, వేరుశనగ పొట్టు, కొబ్బరి చిప్ప, వాడేసిన టీ పొడి, దేన్నీ వదల్లేదు. ఆకులో, పొట్టులో ఉండే సెల్యులోజ్, లిగ్నిన్, టానిన్ల మీద కార్బాక్సిల్, హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయి. సీసం, రాగి అయాన్లు వచ్చి వాటిని పట్టుకుంటాయి. దీన్నే అధిశోషణం అంటారు. నీళ్లలో ఆమ్లం పెరిగితే హైడ్రోజన్ అయాన్లు ముందే ఆ చోటు ఆక్రమించి సీసానికి జాగా ఇవ్వవు. హెక్సావలెంట్ క్రోమియం సంగతి పూర్తిగా తలకిందులు, అది పీహెచ్ 2 దగ్గర, ఆమ్లం బాగా ఉన్న నీళ్లలోనే ఎక్కువగా చిక్కుతుంది. మరి ఒకే బిందెలో, ఒకే పొడితో రెండూ ఎలా పోతాయి?

ఇంకో లెక్క చూడండి. ప్రయోగశాలలో స్వేదన జలంలో ఒకే ఒక లోహాన్ని లీటరుకు 100 మిల్లీగ్రాములు కలిపి, 98 శాతం తీశామని రాస్తారు. మిగిలింది 2 మిల్లీగ్రాములు. తాగునీటిలో సీసానికి మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. అంటే 98 శాతం గెలిచాక కూడా హద్దుకు 200 రెట్లు మిగిలే ఉంది! పైగా పచ్చి ఆకు పొడి తన రంగునూ, సేంద్రియ పదార్థాన్నీ నీళ్లలోకి వదులుతుంది. పిల్లలకు తాగించే నీళ్లలో అది వేయమనడం అన్యాయం.

ఈ పొడికి తగిన చోటు షెడ్డు వెనక గొట్టం దగ్గర ఉంది. లోహాలకు పూత పెట్టే చిన్న యూనిట్లలో కడిగిన నీళ్లు తక్కువ పరిమాణంలో, ఎక్కువ గాఢతతో, ఏ లోహమో ముందే తెలిసి బయటికొస్తాయి. అక్కడ పీహెచ్ సరిచేయొచ్చు. ముందు సున్నంతో చాలావరకు అవక్షేపం చేసి, మిగిలిన కొంచెం కోసం ఊక బొగ్గో, కొబ్బరి చిప్ప బొగ్గో నింపిన స్తంభంలోంచి పంపొచ్చు. అదే నీళ్లు నాలాలో కలిసి, మురుగుతో పలచబడి, నేలలోకి ఇంకాక మళ్లీ పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. లోహం పట్టిన పొడి కూడా విషమే. దాన్ని చెత్తబండిలో వేయకూడదు, దుండిగల్ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. చవక చవక అని చెప్పేవాళ్లు ఆ రవాణా ఖర్చు ఎక్కడా లెక్కగట్టరు.

మన గడప ముందు ఏం లేవని? తార్నాక నుంచి ఉప్పల్ దాకా ఒకే రోడ్డు మీద ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ పరిశోధనా సంస్థలు ఉన్నాయి. రసాయనం, జీవం, భూగర్భం మూడూ చదివిన వాళ్లు అక్కడే ఉన్నారు. ఆ గోడలకు కూతవేటు దూరంలో నాచారం షెడ్లు. ఒక్క వీధిని తీసుకుని, అసలు వ్యర్థజలంతో, ఏడాదంతా ఒక స్తంభం నడిపి చూపించమని ప్రభుత్వం వాళ్లను ఎందుకు అడగదు? మరో వంద ఆకుల మీద మరో వంద పత్రాల కంటే నాకు ఆ ఒక్క స్తంభం ముఖ్యం.

ఇక నేను ఎప్పుడూ చెప్పే మాట మళ్లీ చెబుతాను, విసుగనుకోకండి. ప్రతి కాలనీ బోరుకీ సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్ పరీక్ష చేయించి, ఆ అంకెల్ని తేదీతో సహా వాటర్ ట్యాంకు గోడ మీద రంగుతో రాయాలి. ఫైల్లో ఉన్న నివేదిక బిందె పట్టుకుని నిలబడ్డ మనిషికి ఏం ఉపయోగం? పీర్జాదిగూడ దగ్గర మూసీ నీళ్లతో పెంచే పశుగ్రాసానికీ ఇదే వర్తిస్తుంది. ఆ గడ్డి తిన్న గేదె పాలు మన ఇళ్లకే వస్తాయి. మొక్క లోహాన్ని పట్టుకుంటుందని మురిసిపోయే మనం, పట్టుకున్నది ఎవరి కడుపులోకి పోతోందో అడగాలి కదా.

ఇప్పుడు వీటన్నిటికంటే పెద్ద భయం పట్టుకుంది. నగరంలోని 22 పారిశ్రామికవాడలను, దాదాపు 9,300 ఎకరాలను, ఇళ్లకూ వ్యాపారాలకూ మార్చుకోనిచ్చే విధానాన్ని 2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చింది. ఉప్పల్, నాచారం అందులో ఉన్నాయి. భూమి విలువ మీద ఎంత శాతం ఫీజు కట్టాలన్న దాని మీద రోజుల తరబడి గొడవ నడిచింది. దశాబ్దాలు ఫ్యాక్టరీ నడిచిన నేలలో ఏం ఇంకిందన్న ప్రశ్నకు ఆ గొడవలో పెద్దగా చోటు దక్కలేదు. ప్లాటు ప్లాటుకీ మట్టి పరీక్ష, బోరు పరీక్ష చేసి, ఫలితం కొనేవాడి చేతికిచ్చాకే అనుమతి ఇవ్వాలి. నేల చెడిందని తేలితే బాగుచేసే ఖర్చు ఇన్నాళ్లూ అక్కడ లాభం తీసుకున్న యజమానిదే కావాలి. సెల్లారు కోసం తవ్విన మట్టి లారీలు ఏ చెరువు అంచున దింపుతున్నాయో కూడా రాతపూర్వకంగా చెప్పించాలి.