సిలిండర్ వచ్చింది, పొగ పోలేదు

మదనపల్లె గాలికి ఒకప్పుడు వైద్యుల దగ్గర మంచి పేరుండేది. ఊరి పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానటోరియం తెరవడానికి ఈ పొడి వాతావరణం, దాదాపు 700 మీటర్ల ఎత్తు కూడా కారణాలే. ఊపిరితిత్తుల రోగులు మంచి గాలి వెతుక్కుంటూ వచ్చిన ఈ సీమలోనే, ఊపిరితిత్తులను తినేసే పొగ రోజూ రెండు పూటలా ఇళ్లలో పుడుతోంది. దాన్ని కాలుష్యం కింద జమకట్టేవాళ్లు తక్కువ.

2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో మన రాష్ట్రం నుంచి 13 నగరాలున్నాయి. చిత్తూరు ఉంది, మదనపల్లె, పుంగనూరు, కుప్పం లేవు. ఉన్నా ఒరిగేది తక్కువే. ఆ కార్యక్రమం కింద పెట్టే యంత్రాలు కొలిచేది వీధి గాలిని, వంటింటి గాలిని కాదు. వంటింటి గాలిని కొలిచినవాళ్లూ లేకపోలేదు. చెన్నై శ్రీరామచంద్ర వైద్య సంస్థకు చెందిన కల్పనా బాలకృష్ణన్ బృందం నిజామాబాద్, రంగారెడ్డి, వరంగల్ జిల్లాల్లో 420 ఇళ్లు పరిశీలించి 2004లో ఫలితాలు ప్రచురించింది. గ్యాస్ వాడే ఇళ్లలో ఘనపు మీటరు గాలికి 73 మైక్రోగ్రాముల సన్నటి ధూళి ఉంటే, కట్టెలు, పిడకల ఇళ్లలో అది 732 దాకా వెళ్లింది. వంటింటి పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది అకాల మరణం పాలయ్యారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

గ్యాస్ రాలేదా అంటే, వచ్చింది. 1999లోనే దీపం పథకం, 2016లో ఉజ్వల. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 83.6 శాతం ఇళ్లు శుభ్రమైన ఇంధనంతో వండుకుంటున్నాయి. అయితే ఆ సర్వే అడిగేది ప్రధానంగా దేనితో వండుతారన్నది. రెండో పొయ్యి సంగతి ఆ అంకెలోకి రాదు.

ఆ రెండో పొయ్యి పెరట్లో ఉంటుంది. తెల్లారకముందే మూడు రాళ్ల మీద మసిబారిన బాన, దాని కింద సర్కారు తుమ్మ మొద్దు, కంది కట్టె, పట్టుపురుగులు ఆకు తినగా మిగిలిన మల్బరీ పుల్లలు. స్నానాలకు నీళ్లు కాగేది అక్కడే. చలికాలంలో ఈ మెట్ట ప్రాంతంలో వేడినీళ్లు లేనిదే పిల్లలకు పొద్దు గడవదు. రాగి సంగటి సంగతీ అంతే. పదిమంది తినే ఇంట్లో పెద్ద దబర గ్యాస్ పొయ్యి మీద నిలవదు. బలంగా గెలకాలంటే నేలమీది పొయ్యే కావాలి. ఇది మూఢత్వం కాదు, లెక్క. కట్టెకు రూపాయి పెట్టక్కర్లేదు, సిలిండర్‌కు పెట్టాలి. కట్టె తెచ్చే ఆడవాళ్ల శ్రమకు మాత్రం ఎవరూ వెల కట్టరు. కుప్పం వైపు అడవి అంచు పల్లెల్లో ఏనుగుల భయం అదనం.

2024 నవంబరులో మొదలైన దీపం–2 ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తోంది. మంచిదే. కానీ వంటంతా గ్యాస్ మీదే చేసే నలుగురైదుగురి ఇంట్లో సిలిండర్ నెల, నెలన్నరకు మించి రాదు. పైగా ముందు డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుందన్న పద్ధతితో మొదలుపెట్టారు. కూలి డబ్బుల ఇంటికి ఆ ముందు కట్టడమే బరువు.

కాబట్టి ఇంకో సిలిండర్ ఇస్తే తీరే సమస్య కాదిది. 1980ల్లో పంచిన పొగలేని పొయ్యిలు గొట్టాలు పూడి మూలపడ్డాయి, ఆ దారి మళ్లీ వద్దు. పక్కనే కర్ణాటకలో, తెలుగు మాట్లాడే బాగేపల్లిలో, కూలీ సంఘం కార్బన్ క్రెడిట్ల ఆదాయాన్ని నమ్ముకుని 5,500 గోబర్ గ్యాస్ ప్లాంట్ల పథకం చేపట్టింది. పాడి మీద బతికే మన మండలాల్లో అది ఎందుకు కుదరదు? నాలుగైదు పశువులుండాలి మరి, ఒక్క పుంగనూరు పొట్టి ఆవుతో అయ్యే పని కాదు.

కుప్పం నియోజకవర్గం నడిమూరులో 2025 జనవరిలో ఇంటింటికీ సౌర విద్యుత్ పథకాన్ని ముఖ్యమంత్రి ప్రారంభించారు. కప్పు మీద ఎండను పట్టుకునే ఏర్పాటు ఉన్న ఇంట్లో స్నానాల నీళ్లకు కట్టెలు మండాల్సిన పని లేదు. సౌర పలకలతో పాటు వాటర్ హీటర్‌నూ అదే రాయితీలో కలిపి ఇవ్వాలి. వచ్చే ఇంటింటి సర్వేలో గ్యాస్ ఉందా అన్న ప్రశ్న పక్కనే, నీళ్లు దేనిమీద కాస్తారన్న ప్రశ్న చేర్చాలి.