బాటు తక్కువైతే తూకం ఎక్కువే

పోయిన వానాకాలం కోతలప్పుడు మినీ ప్రాజెక్టు పట్టుకొని కొడకండ్లలో మా కల్లం కాడికి పోయాను. పచ్చి వడ్లు కుప్ప పోస్తే లోపల వేడెక్కుతాయి. ఎల్‌ఎం35 సెన్సర్‌ను కుప్పలో గుచ్చి, ఆర్డినో ఊనోతో ఆ వేడి చదివి, జీఎస్‌ఎం మాడ్యూల్‌తో ఫోన్‌కు మెసేజ్ పంపాలని మా ప్లాన్. ల్యాబ్‌లో మంచిగనే పనిచేసింది. కల్లంలో పవర్ బ్యాంకు పెడితే 32 డిగ్రీల దగ్గర ఉన్న రీడింగ్, మెసేజ్ పోయినప్పుడల్లా 34.7కు ఎగిరింది. నాయిన చూసి ఒక్కటే మాట అడిగాడు: "కుప్పకు ఫోన్ చేసినప్పుడే జ్వరం వస్తదారా?"

మొదట సెన్సర్‌ను తిట్టుకున్నాను. మల్టీమీటర్ పెడితే సెన్సర్ 0.32 వోల్టుల దగ్గర కదలకుండా ఉంది. కదిలింది బోర్డు మీది 5 వోల్టుల లైన్. జీఎస్‌ఎం కరెంట్ లాగినప్పుడు అది 4.6కు జారుతున్నది. నా కోడ్‌లో మాత్రం 5.0 అని రాసి ఉంది.

ఏడీసీ అంటే తక్కెడ. ఒక పళ్లెంలో మన సిగ్నల్, ఇంకో పళ్లెంలో రిఫరెన్స్ వోల్టేజ్ అనే బాటు. కిలో అని రాసిన బాటు తొమ్మిది వందల గ్రాములే ఉంటే సరుకు ఎక్కువ తూగినట్టు కనిపిస్తుంది. మా కుప్పకు వచ్చిన జ్వరం అదే. ఊర్లో అందరికీ తెలిసిన ఈ ముచ్చట, మూడేళ్లు ఎలక్ట్రానిక్స్ చదివిన నాకు కల్లంలో తెలిసింది.

సెటప్‌లో ఒక్క లైన్ మార్చితే చాలా వరకు సరి అయింది. ఊనోలో 1.1 వోల్టుల లోపలి రిఫరెన్స్ ఉంది. 5 వోల్టుల మీద 10 బిట్‌లలో ఒక్కో మెట్టు 4.88 మిల్లీవోల్టులు, అంటే ఎల్‌ఎం35కు అర డిగ్రీ. 1.1 మీద ఒక్కో మెట్టు డిగ్రీలో పదో వంతే. అయితే ఆ 1.1 చిప్‌ను బట్టి 1.0 నుంచి 1.2 దాకా ఉండొచ్చు. అందుకే ఏరెఫ్ పిన్ దగ్గర ఒకసారి కొలిచి, ఆ అంకెనే కోడ్‌లో పెట్టాలి. రిఫరెన్స్ మార్చాక మొదటి కొన్ని రీడింగులు పారేయాలి. బయటి రిఫరెన్స్ కలిపితే, చదవకముందే కోడ్‌లో ఎక్స్‌టర్నల్ అని చెప్పాలి, లేకుంటే చిప్ పాడైపోవచ్చు. ఇన్‌పుట్ వైపు కూడా చూసుకోవాలి: సిగ్నల్ ఇచ్చే సర్క్యూట్ రెసిస్టెన్స్ 10 కిలో ఓమ్‌ల లోపు ఉండాలి, పిన్ గాలికి వదిలేయొద్దు. పొటెన్షియోమీటర్ లాంటివి అదే 5 వోల్టుల మీద నడిస్తే మాత్రం, రిఫరెన్స్ కూడా ఆ 5 వోల్టులే ఉంచాలి. రెండూ కలిసి జారితే లెక్క తప్పదు.

మన వైవాలో "ఏడీసీ ఎన్ని బిట్లు?" అని అడుగుతారు. "దేంతో పోల్చి?" అని నన్నెవరూ అడగలేదు. సీనియర్ల రికార్డులోని 5.0నే మనమూ దింపుతున్నాం. ఇది మార్కుల సంగతే అయితే నేను ఇంత రాయకపోదును.

అదే సీజన్‌లో ఒక కొనుగోలు కేంద్రంలో మా వడ్లకు తేమ 17 శాతం దాటిందన్నారు. పక్కనున్న ఇంకో మీటర్‌లో 17 లోపే వచ్చింది. ఏది నిజమో తేల్చేవాళ్లు లేరు. నాయిన వడ్లు మళ్లీ ఆరబోసి మూడు రాత్రులు అక్కడే పడుకున్నాడు. తేడా రిఫరెన్స్‌దే అని నేను అనను. శాంపిల్, వేడి, క్యాలిబ్రేషన్, ఏదైనా కావచ్చు. పత్తిదీ ఇదే కథ: మద్దతు ధర 8 శాతం తేమకు, ఆపైన కోత, 12 దాటితే కొనరు. ఆ స్క్రీన్ మీది అంకెకు రైతు పంట కట్టుబడి ఉంటుంది. కాంటా బాటుకు ముద్ర ఉందా అని అడిగే రైతు, మీటర్‌ను కూడా అడగగలగాలి. ఒకే శాంపిల్‌ను రెండు మీటర్లలో రైతు ముందే చూపాలి. తేడా వస్తే ఆ వడ్లు తూచి, ఓవెన్‌లో ఆరబెట్టి, మళ్లీ తూచి అసలు తేమ తేల్చాలి.

మా కొడకండ్లలో 2020 అక్టోబరు 31న అప్పటి ముఖ్యమంత్రి ప్రారంభించిన రైతు వేదిక ఉంది. సంక్రాంతి సెలవుల్లో అనుమతి అడిగి అక్కడ ఈ ప్రయోగం చేసి చూపిద్దామని నా ఆలోచన. బోర్డు నాది, వడ్లు నాయినవి. మల్టీమీటర్ ఉన్నవాళ్లు రండి.