అడవి చూడ్డానికి వెళ్తున్నారా?

టీవీలో మసాయిమారా సింహాల్ని చూసిన పిల్లలు ‘అమ్మా, మనమూ వెళ్దామే’ అనకుండా ఉంటారా? కెన్యాలోని ఆ అభయారణ్యంలో విదేశీయులకి 2024 నుంచీ జులై-డిసెంబరు నెలల్లో ప్రవేశ రుసుమే రోజుకి 200 డాలర్లు. రువాండాలో గొరిల్లాల్ని చూడాలంటే 2017 నుంచీ మనిషికి 1500 డాలర్లు. చీడికాడలాంటి ఊళ్లో ఎన్నో ఇళ్లలో ఆ డబ్బుతో ఏడాది సంసారం గడిచిపోతుంది!

మనం వెళ్లలేకపోతే పోనీండి. అక్కణ్ణుంచి నేర్చుకోవాల్సింది మాత్రం ఉంది. జంతువుల్ని చూపించి సంపాదించిన డబ్బు ఎవరికి చేరుతోందన్నది చూడాలి. రువాండాలో జాతీయ పార్కుల పర్యాటక ఆదాయంలో పదోవంతు చుట్టుపక్కల ఊళ్లకే ఇస్తారు. దక్షిణాఫ్రికాలో 2013లో ‘బ్లాక్ మాంబాస్’ పేరుతో ఆడవాళ్ల కాపలా దళం మొదలైంది. అడవి పక్క పల్లెల అమ్మాయిలే అందులో ఉద్యోగులు. చేతిలో తుపాకీ ఉండదు. కంచె వెంట మైళ్లకి మైళ్లు నడిచి, వేటగాళ్లు పెట్టిన ఉచ్చులు ఏరేస్తారు. 2015లో ఐక్యరాజ్యసమితి వాళ్లకి పురస్కారం ఇచ్చింది. కూతురి జీతం అడవి వల్లే వస్తున్నప్పుడు ఆ ఇంట్లోవాళ్లు అడవికి చెడు తలపెడతారా? అదే, ఏనుగులు పంట తొక్కేసిన ఇంటికెళ్లి ‘జంతువుల్ని ప్రేమించండమ్మా’ అంటే ఆ ఇల్లాలు ఏమని జవాబు చెబుతుంది?

మన దగ్గరా ఇలాంటివి లేకపోలేదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి. పురిటికొచ్చిన ఆడపడుచుల్లా వాటిని ఊరే కాచుకుంటుంది. విశాఖ పక్కనే కంబాలకొండ ఉంది. మన అనకాపల్లి జిల్లాలోనే కొండకర్ల ఆవ ఉంది. తాటిదోనె మీద తిప్పి పిట్టల్ని చూపించే మనిషికి మనమిచ్చే నాలుగు డబ్బులే ఆ పూట కూలి. ఆవ ఎండిపోతే పిట్టలూ రావు, ఆ కూలీ రాదు.

చీడికాడ మండలంలో కోనాం జలాశయం, దాని వెనక కొండలు చూడ్డానికి ఎంత బాగుంటాయో! కార్తీకంలో వనభోజనాలంటే బయల్దేరదీసేది ఆడవాళ్లమే. కాబట్టి పద్ధతీ మనమే పెట్టొచ్చు. ప్లాస్టిక్ పళ్లేలు మానేసి విస్తరాకులు తీసుకెళ్దాం. తెచ్చిన చెత్త తిరిగి మనతోనే తెచ్చుకుందాం. మైకుసెట్టు వద్దందాం. కోతులకి పులిహోర పెట్టొద్దు. ఆ రుచి మరిగితే రేపు అక్కడి ఊళ్లో ఇళ్ల మీద పడతాయి. పండో, తేనో, చీపురో కొండ దిగి అమ్ముకునే ఆడమనిషి దగ్గర బేరమాడకుండా కొందాం. టిక్కెట్టు పెట్టినచోట ‘ఈ డబ్బులో ఈ ఊరికెంత?’ అని అడుగుదాం.

అడిగేవాళ్లుంటేనే లెక్క చెబుతారు.