ఆ నోటిఫికేషన్ ఇవ్వండి

కేంద్ర సిబ్బంది, శిక్షణ విభాగం కార్యదర్శి గారికి,

ప్రభుత్వ శాఖల్లో అవినీతిని బయటపెట్టేవారి రక్షణకు పార్లమెంటు చేసిన చట్టానికి 2014 మేలో రాష్ట్రపతి ఆమోదం లభించింది. అది ఎప్పటినుంచి అమలవుతుందో మీరే నోటిఫై చేయాలి. ఇంతవరకూ చేయలేదు.

ఈలోగా నలిగిపోతున్నది ఉద్యోగులు. దొంగబిల్లుల గురించి పైకి రాసిన గుమాస్తాను మారుమూలకు బదిలీ చేస్తారు, ఇంక్రిమెంటు ఆపుతారు, పాత ఫైలేదో తవ్వితీసి ఛార్జి మెమో ఇస్తారు. ఉత్తర్వులో మాత్రం ‘పరిపాలనా కారణాలు’ అని ఉంటుంది. అది కక్షసాధింపేనని రుజువు చేసుకోవడానికి ఆయన కోర్టుల చుట్టూ తిరగాలి. మీరు పక్కన పెట్టిన చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారమైతే, కక్ష కాదని రుజువు చేసుకోవలసింది కార్యాలయమే. నా దృష్టిలో ఆ చట్టానికి ప్రాణం ఇదే.

జాతీయ రహదారుల ఇంజినీరు సత్యేంద్ర దూబే తన పేరు గోప్యంగా ఉంచమని కోరుతూ ప్రధాని కార్యాలయానికి లేఖ రాశారు. ఆ గోప్యత నిలవలేదు. 2003 నవంబరులో గయలో ఆయన్ని కాల్చి చంపారు. అది దోపిడీ హత్య అని దర్యాప్తు తేల్చింది. అయినా, పేరు దాచమన్న మనిషి పేరును చేతులు మారనిచ్చిన తప్పు మాసిపోదు. అలా పేరు బయటపెట్టినవారికి మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉన్నదీ ఈ చట్టంలోనే.

అమలు తేదీని గెజిట్‌లో ప్రకటించండి. దేశభద్రత పేరిట సవరణలు అవసరమనుకుంటే బిల్లు ఎప్పుడు తెస్తారో చెప్పండి. అప్పటిదాకా, ఫిర్యాదు చేసిన ఉద్యోగిని కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు తెలపకుండా బదిలీ గానీ సస్పెన్షన్ గానీ చేయరాదని అన్ని శాఖలకూ ఉత్తర్వులివ్వండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
వరంగల్