తోలు పట్టీ పనితనం

చిన్న యంత్రశాలల చరిత్ర మీద ఈ సంచిక తలపెట్టగానే గుర్తొచ్చింది లండన్‌లోని జోసెఫ్ బ్రామా కార్ఖానా. తాళాలతో పేరు తెచ్చుకున్న ఆ యార్క్‌షైర్ మనిషి 1795లో హైడ్రాలిక్ ప్రెస్‌కు పేటెంట్ పొందాడు. సూత్రం పాస్కల్‌ది, అప్పటికే పాతది: చిన్న పిస్టన్‌తో నీటిని నొక్కితే, వంద రెట్ల వైశాల్యమున్న పెద్ద పిస్టన్ మీద వంద రెట్ల బలం పుడుతుంది.

చిక్కల్లా లీకేజీతోనే. పిస్టన్ చుట్టూ బిగించి కడితే కదలదు, వదులు చేస్తే నీళ్లు చిమ్ముతాయి. దీనికి విరుగుడు చూపింది అక్కడి కుర్ర పనివాడు హెన్రీ మాడ్‌స్లే అంటారు. గిన్నె అంచులా వంచిన తోలు పట్టీ అది. ఒత్తిడి పెరిగేకొద్దీ తానే విచ్చుకుని పిస్టన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, తగ్గగానే వదిలేస్తుంది. ఎంత చక్కటి ఆలోచన! ఇవాళ విజయవాడ ఆటోనగర్‌లో బేరింగులు దింపే ప్రెస్‌లోనూ, హైడ్రాలిక్ వైస్‌లోనూ తోలు స్థానంలో రబ్బరు సీలు వచ్చింది. పని మాత్రం అదే.

వారానికి 30 షిల్లింగుల జీతం పెంచమంటే బ్రామా కాదన్నాడు. 1797లో మాడ్‌స్లే బయటికొచ్చి సొంత షాపు పెట్టుకున్నాడు. పేటెంటు కాగితాలకెక్కని అలాంటి పనివాళ్ల గురించే ఈ నెల వ్యాసాలు.